ఆ ఇత్తడి బిందెను మళ్లీ బయటికి తీయండి

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 25 ఏళ్లు, ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచర్‌ని. తమ్ముడు డిగ్రీ అయిపోయి మొబైల్ షాపులో పని చేస్తున్నాడు. హార్మోనియం, డప్పు బాగా వాయిస్తాడు. ఏడాదిన్నర కింద ఇద్దరం కలిసి యూట్యూబ్ ఛానల్ పెట్టాం. పరకాల దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో నాట్లు వేసే ఒక పెద్దమ్మ దగ్గర ఒక పాట నేర్చుకున్నాం. వంటింట్లో కూర్చుని తమ్ముడు ఇత్తడి బిందె మీద దరువు వేస్తుంటే నేను పాడాను. ఫోన్లో తీసిన ఆ షార్ట్‌ను మూడు లక్షల మంది చూశారు. ఆ ఉత్సాహంతో అప్పు చేసి ఆరు పాటలు స్టూడియోలో రికార్డ్ చేయించాం. వరంగల్ కోటలో, భద్రకాళి చెరువు కట్ట మీద డ్రోన్‌తో వీడియోలు తీయించాం. వాటికి నాలుగైదు వందల వ్యూస్ కూడా రావట్లేదు. సబ్‌స్క్రైబర్లు 1,860 దగ్గర ఆగిపోయారు. ఒక పాత జానపదానికి కాపీరైట్ క్లెయిమ్ వస్తే భయపడి వీడియో తీసేశాం. ఇప్పుడు ఒక ఫోక్ ఛానల్ వాళ్లు బిందె పాటకు 12 వేలు ఇస్తామంటున్నారు. పాట పూర్తిగా వాళ్లదే అవుతుందట, వీడియోలో వేరే అమ్మాయి డ్యాన్స్ చేస్తుందట. తమ్ముడు ఇచ్చేద్దాం అంటున్నాడు. బాపు ‘ఇగ చాలు, బంద్ పెట్టుండ్రి’ అంటున్నాడు. ఇంట్లో నాకు సంబంధాలు కూడా చూస్తున్నారు. ఉద్యోగం మానేసి దీని మీదే కూర్చోవాలా, పాట అమ్మేయాలా, అన్నీ వదిలేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక అక్క, హనుమకొండ

సమాధానం: చెల్లీ, మీ ఛానల్‌లో ఉన్నవన్నీ కూర్చుని చూశాను. ముందు బిందె పాట, తర్వాత స్టూడియో పాటలు, ఆ తర్వాత మళ్లీ బిందె పాట. అదొక్కటే జనానికి ఎందుకు పట్టిందో చెబుతాను. మీరు అడిగిన మిగతావాటికీ జవాబు చాలావరకు అందులోనే ఉంది.

ఆ షార్ట్‌లో మీ తమ్ముడు బిందెను ఒళ్లో వాల్చుకుని కూర్చున్నాడు. కుడిచేతి ఉంగరంతో మూతి అంచు మీద టకటకమని కొడుతూ, ఎడమ అరచేత్తో కడుపు మీద గుమ్మనిపిస్తున్నాడు. రెండో చరణం దగ్గర మీరు కొంచెం ముందే ఎత్తుకున్నారు. అతను మీ ముఖం చూసి నవ్వి, ఒక దెబ్బ వదిలేసి మిమ్మల్ని అందుకున్నాడు. వెనకాల స్టవ్ మీద ఏదో ఉడుకుతోంది. ఆ నవ్వు దగ్గర నేను వీడియో వెనక్కి జరిపి మళ్లీ చూశాను. కామెంట్లు చదివితే చాలామంది అదే పని చేసినట్టు తెలుస్తోంది.

ఇక కోటలో తీసిన పాట చూడండి. గొంతు అదే, తోరణం అద్భుతంగా కనిపిస్తోంది. కానీ తబలా వినిపిస్తోంది, వాయించే మనిషి లేడు. ఫ్లూట్ వినిపిస్తోంది, అది ఎక్కడిదో తెలియదు. మీ తమ్ముడు చేతులు కట్టుకుని మీ పక్కన నడుస్తున్నాడు. ఆరుబయట నిలబడ్డ మనిషి గొంతు మూసిన గదిలో పాడినట్టు వినిపిస్తోంది, పెదాలు అక్కడక్కడా పాటకంటే వెనకబడుతున్నాయి. చూసేవాళ్లు ఇవన్నీ విడదీసి చెప్పలేరు. ఏదో అతకలేదనిపించి వేలితో పైకి జరిపేస్తారు. పైగా అలాంటి వీడియోలు మీకంటే బాగా తీసేవాళ్లు కరీంనగర్ నుంచి వరంగల్ దాకా ఎందరో ఉన్నారు. ఫోక్ పాట మన దగ్గర ఇప్పుడు ఒక పరిశ్రమ. డ్యాన్సర్లు, కెమెరామెన్, ఎడిటర్లు ఉన్న టీములు నెలకు ఎన్నో పాటలు దింపుతున్నాయి. అప్పు చేసి వాళ్ల దారిలో నడిస్తే మీరు ఎప్పటికీ వాళ్ల వెనకే ఉంటారు. మీ దగ్గర ఉన్నది వేరు. మీ పాట చూసేవాళ్ల కళ్ల ముందే పుడుతుంది.

ఈ పద్ధతితోనే పైకి వచ్చిన ఒక జంట గురించి చెబుతాను. అమెరికాలోని కాలిఫోర్నియాలో జాక్ కాంటే, నటాలీ డాన్ అని ఇద్దరు పాంపల్‌మూస్ పేరుతో 2008లో పాటలు మొదలుపెట్టారు. వెనక మ్యూజిక్ కంపెనీ ఏదీ లేదు. ఇంట్లో రికార్డ్ చేసిన వీడియోలతోనే లక్షల మందికి చేరారు. తమ వీడియోలకు వాళ్లు రెండు నియమాలు పెట్టుకున్నారు. కనిపించేదే వినిపించాలి, అంటే ముందే రికార్డ్ చేసిన పాటకు పెదాలు ఆడించకూడదు. వినిపించే ప్రతి చప్పుడూ వీడియోలో ఎక్కడో ఒకచోట కనిపించాలి, అంటే దాచిన వాయిద్యం ఉండకూడదు. డ్రమ్ములు, పియానో, రెండో గొంతు విడివిడిగా వాయించి, పాడి, ఆ ముక్కలన్నీ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి చూపించేవాళ్లు. పాట ఎలా తయారైందో తెలుస్తున్నకొద్దీ ఆ మనుషులు మనకు దగ్గరవుతారు. మీ వంటింటి షార్ట్‌లో మీకు తెలియకుండానే ఈ రెండు నియమాలూ కుదిరాయి. ఇకమీదట కావాలనే పాటించండి.

స్టూడియోలో చేయించిన ఆరు పాటలు వృథా ఏమీ కావు. వాటినే ఒక్కొక్కటిగా ఇంట్లో కూర్చుని మళ్లీ పాడండి. ఫ్లూట్ లేకపోతే లేదు. దాని బదులు మీ తమ్ముడు ఏం వాయించగలడో అదే ఉండాలి. డప్పు పాటకైతే అతను డప్పును మంట దగ్గర కాపి, వేలితో కొట్టి చూసి, మళ్లీ కాపడం దగ్గరే మొదలుపెట్టండి. తోలు బిగిసేకొద్దీ మోత ఎలా మారుతుందో చూపించండి. పల్లెల్లో పెరిగినవాళ్లకు అది కళ్లకు కట్టిన దృశ్యం, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లకు కొత్త సంగతి. ఇద్దరూ ఆగి చూస్తారు. ఛానల్ నడిపేవాళ్ల కోసం యూట్యూబ్ ఇచ్చే ‘యూట్యూబ్ స్టూడియో’ యాప్‌లో రిటెన్షన్ గ్రాఫ్ అని ఒకటి ఉంటుంది. జనం ఏ సెకనులో వెళ్లిపోతున్నారో అది చెబుతుంది. మీ కోట వీడియోలో మొదటి 20 సెకన్లూ డ్రోన్ షాటే కదా, పేర్లు పడుతూ. ఆ గ్రాఫ్ తెరిచి చూడండి, నేను చెప్పనక్కర్లేదు. అన్నట్టు కోట, వేయి స్తంభాల గుడి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. అక్కడ ట్రైపాడ్, డ్రోన్ పెట్టి షూట్ చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇల్లే మేలు అనడానికి అదొక కారణం.

సౌండ్ మీద మాత్రం పట్టుదలగా ఉండండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, గొంతు గదిలో గింగురుమంటే ఓర్చుకోరు. బొమ్మ ఫోన్‌లో తీయండి, సౌండ్ విడిగా రికార్డ్ చేయండి. పాట మొదలయ్యే ముందు కెమెరాకు కనిపించేలా ఒక చప్పట్లు కొడితే తర్వాత రెండూ కలపడం తేలిక. మైకుల సౌండ్‌ను కంప్యూటర్‌లోకి పంపే, రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, పాడటానికి ఒక మైక్, వాయిద్యానికి ఒక మైక్ ఉంటే చాలు. ఇంకో డ్రోన్ షూట్‌కు పెట్టే డబ్బు దీని మీద పెట్టండి. సిమెంటు గోడల గదిలో ప్రతిధ్వని తగ్గించడానికి ఖరీదైన ఫోమ్ అక్కర్లేదు. కొత్తవాడలో నేసే మందపాటి జంపఖానాలు రెండు మీ వెనక గోడకు, ఎదురు గోడకు వేలాడదీయండి. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కిన మన వరంగల్ డర్రీలు అవి, కెమెరాలో కూడా అందంగా ఉంటాయి. ఫ్యాన్ ఆపాల్సిందే కాబట్టి ఎండాకాలంలో తెల్లవారుజామున పాడుకోండి.

హార్మోనియం గొంతును మింగేస్తోందని మీ రెండో వీడియో కింద ఎవరో రాశారు, నిజమే. ఇద్దరూ పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా కూర్చోండి. కార్డియాయిడ్ మైక్ తన వెనక వైపు వచ్చే శబ్దాన్ని తక్కువగా పట్టుకుంటుంది. మీ మైక్ వెనక భాగం తమ్ముడి వైపు ఉండేలా పెడితే హార్మోనియం దానంతటదే తగ్గుతుంది. ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది కూడా, ఆ నవ్వులు పట్టుబడేది అప్పుడే. బిందె, డప్పు దెబ్బలు ఒక్కసారిగా ఎగుస్తాయి కనుక లెవెల్ తగ్గించి పెట్టుకోండి, రికార్డింగ్‌లో పగిలిన సౌండ్‌ను తర్వాత ఎవరూ అతకలేరు. మిక్సింగ్‌లో బలవంతంగా వాల్యూమ్ పెంచి లాభం లేదు, అతిగా గట్టిగా ఉన్న ఆడియోను యూట్యూబ్ తానే తగ్గిస్తుంది. చివరికి మీ ఫోన్ స్పీకర్‌లోనే విని చూడండి. డప్పు బరువు మోత చిన్న స్పీకర్‌లో మాయమైపోతుంది, సిటికెన పుల్ల చప్పుడే మిగులుతుంది. ఆ చప్పుడు స్పష్టంగా ఉంటేనే ఫోన్‌లో దరువు నిలబడుతుంది.

లెక్కల సంగతికి వస్తే, మూడు లక్షల వ్యూస్ వచ్చినా డబ్బు ఎందుకు రాలేదని తమ్ముడు బాధపడుతున్నాడేమో. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. కాబట్టి బిందె పాటకు వచ్చిన జనాన్ని నిలబెట్టుకోవాలంటే ఆ పాట పూర్తి వీడియో ఉండాలి, షార్ట్ నుంచి దానికి లింకు ఉండాలి. మీ ఛానల్‌లో ఆ పూర్తి పాటే లేదు! మూడు లక్షల మంది గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయారు. వచ్చే ఆదివారం మొదట ఆ పని చేయండి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు మూడు నిమిషాలు వింటే 80,000 వ్యూస్, అంటే రోజుకు 220. అన్ని వీడియోలూ కలిపి రోజుకు 220 మంది నిలబడి వింటే ఏడాదికి చేరుకుంటారు. బాపుకు ఈ లెక్క చూపించండి. ఆయనకు కనిపిస్తున్నది అప్పు మాత్రమే, దారి కనిపించట్లేదు.

వ్యూస్ కంటే మీరు చూడాల్సింది మళ్లీ వచ్చినవాళ్ల సంఖ్య, అదీ యూట్యూబ్ స్టూడియోలోనే ఉంటుంది. మళ్లీ మళ్లీ వచ్చే రెండు వందల మంది పేర్లు గుర్తుపట్టేలా కామెంట్లకు జవాబివ్వండి. మీ రంగు గురించి, చీర గురించి కూతలు కూసేవాళ్లకు జవాబు అక్కర్లేదు. ఆ మాటలన్నీ బ్లాక్ చేసిన పదాల జాబితాలో పెట్టేస్తే ఆ కామెంట్లు బయటికి కనిపించవు. ఆ పని తమ్ముడికి అప్పగించండి, మీరు చదవకండి.

కాపీరైట్ క్లెయిమ్‌కు భయపడి వీడియో తీసేయడం తొందరపాటు. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. మూడు స్ట్రైకులు పడితే ఛానల్ పోతుంది కానీ, కంటెంట్ ఐడీ (పాటలను పోల్చి పట్టుకునే యూట్యూబ్ ఏర్పాటు) క్లెయిమ్ వల్ల సాధారణంగా ఛానల్‌కు ఏమీ కాదు. ఎక్కువసార్లు ఆ వీడియో మీద డబ్బు ఎవరికి వెళ్తుందన్నదే అక్కడి గొడవ. తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన పాట మీద ఎవరికీ గుత్తాధిపత్యం లేదు. ఒక కంపెనీ తాను చేసిన రికార్డింగ్ మీద, తాను కట్టిన సంగీతం మీద మాత్రమే హక్కు అడగగలదు. మీరు వాళ్ల ట్రాక్ వాడకుండా మీ గొంతుతో, మీ దరువుతో పాడి ఉంటే ఆ క్లెయిమ్‌ను వివాదంలో పెట్టవచ్చు. అవతలివాళ్లు 30 రోజుల్లో స్పందించకపోతే అది తొలగిపోతుంది. అయితే ముందు ఒకటి తేల్చుకోండి. మనం జానపదం అనుకునే పాటల్లో చాలా వాటిని గత నలభై, యాభై ఏళ్లలో పేరున్న కవులు రాశారు, వాళ్లో వాళ్ల పిల్లలో బతికే ఉన్నారు. అది జానపదం కాదు, దానికి అనుమతి కావాలి. రచయిత హక్కు ఆయన బతికున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. తెలియకుండా వివాదం వేస్తే అవతలివాళ్లు స్ట్రైక్ దాకా వెళ్లగలరు.

ఇప్పుడు ఆ 12 వేల మాట. ఇది తొందరపడి తేల్చే విషయం కాదు. తమ్ముడిది దురాశ అని నేను అనను, అప్పు నెత్తి మీద ఉన్నప్పుడు 12 వేలు చిన్న మొత్తం కాదు. కానీ వాళ్లు అడుగుతున్నది పాటను కాదు, మీ ఛానల్ పునాదిని. పూర్తి హక్కులు రాసిచ్చాక రేపు మీ బిందె షార్ట్ మీద వాళ్లే క్లెయిమ్ వేయగలరు. మీ పాటను మీ ఛానల్‌లో పెట్టుకోవడానికి వాళ్ల అనుమతి అడగాల్సి వస్తుంది. ఇలా చిక్కుకున్న గాయకులు మన జిల్లాల్లో కొందరు నాకు తెలుసు. గొంతు వాళ్లది, కోట్ల వ్యూస్ ఇంకొకరివి, తెర మీద ముఖం మూడోవాళ్లది.

చట్టం మీకు కొంత అండగా ఉంది. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ పాట, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ప్రతిఫలం ఎంత అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్కిస్తారు. అందుకే తెలివైనవాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ముందే రాసి తెస్తారు. ఆ రెండు మాటలు కాగితంలో ఉన్నాయేమో చూడండి. పాడినవారి హక్కులు కూడా 2012 సవరణతో గట్టిపడ్డాయి, పాడింది మీరేనని పేరు వేయమని అడగడం మీ హక్కు. ఇంకొకటి, మీ డబ్బుతో, మీ బాధ్యత మీద చేయించిన రికార్డింగ్‌కు నిర్మాతలు మీరే. ఆ ఆరు పాటలు చేసిన స్టూడియో నుంచి ట్రాకులన్నీ విడివిడిగా తెచ్చుకోండి, ‘డబ్బు ముట్టింది, హక్కులు వీళ్లవే’ అని రెండు లైన్లు రాయించుకోండి.

ఆ ఛానల్ వాళ్లతో తగాదా వద్దు, రేపు వాళ్లే మీకు పనికిరావచ్చు. వాట్సాప్‌లో ఇలా పంపండి:

‘అన్నా, మా పాట మీకు నచ్చినందుకు సంతోషం. పాటను మొత్తంగా అమ్మే ఉద్దేశం లేదు. మీరు చేసే వీడియో వరకు, మీ ఛానల్‌లో మూడేళ్లు వాడుకోవడానికి ఇస్తాం. మా ఛానల్‌లో మా వీడియో అలాగే ఉంటుంది, దాని మీద క్లెయిమ్ రాకూడదు. పాడి, వాయించినవాళ్లుగా మా ఇద్దరి పేర్లు, సేకరణ దగ్గర పెద్దమ్మ పేరు వీడియోలోనూ కింద వివరాల్లోనూ రావాలి. ఇది మీకు సరే అయితే కాగితం రాసుకుందాం.’

డబ్బు 12 నుంచి 8 వేలకు తగ్గించినా ఈ షరతుల మీద ఇవ్వచ్చు. ఒప్పుకోకపోతే వదిలేయండి. తమ్ముడికి నా మాటగా చెప్పండి, మూడు లక్షల మంది చూసింది అతని ఉంగరం చప్పుడును కూడా. ఇంకొకరి వీడియోలో అది ఉండదు.

పెద్దమ్మ పేరు ఎందుకు రాయమన్నానంటే, మీ షార్ట్ కింద వివరాల్లో ‘తెలంగాణ ఫోక్ సాంగ్’ అని తప్ప ఇంకేమీ లేదు. ఆమె పాడకపోతే ఆ పాట మీ దాకా వచ్చేదే కాదు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో నాటు పాటలు, కలుపు పాటలు, దంపుడు పాటలు ఇంకా గుర్తున్నవాళ్లు ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లే. నాటు యంత్రాలు వచ్చాక పొలంలో పది మంది వరసగా వంగి పాడే సందర్భం తగ్గిపోయింది, సందర్భం పోతే పాట కూడా పోతుంది. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ ఇంకా వినిపిస్తోందంటే ఆ జాతర నిలబడి ఉండటం వల్లే. కాబట్టి మీ ఇద్దరి పనిలో ఇది సగం కావాలి. నెలకు ఒక ఊరు వెళ్లండి. ఒకరి దగ్గర ఒక పాట నేర్చుకోండి. ఆమె ఒప్పుకుంటే ఆమె పాడుతున్నది కొద్దిగా చూపించి, తర్వాత మీరు పాడండి. ‘సేకరణ’ అని ఆమె పేరు, ఊరు రాయండి, డబ్బు వస్తే వాటా ఇవ్వండి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే, అందుకే గట్టిగా చెబుతున్నాను. పరకాల పెద్దమ్మకు ఆ వీడియో ఎవరైనా చూపించారా? వెళ్లి చూపించి రండి.

సినిమా పాటల కవర్లు, అంటే వాటిని మీ పద్ధతిలో మళ్లీ పాడటం, పూర్తిగా మానేయమనను. కొత్తవాళ్లకు అదొక తలుపు, పాంపల్‌మూస్ వాళ్లనూ చాలామంది మొదట కవర్ల ద్వారానే విన్నారు. కాకపోతే వాటి మీద వచ్చే డబ్బు చాలావరకు ఆడియో కంపెనీకే వెళ్తుంది. అప్పుడప్పుడు ఒకటి చాలు.

ఉద్యోగం మానవద్దు. పాంపల్‌మూస్ వాళ్లు ఎంతో పేరు వచ్చాక, 2014లో, 28 రోజుల పాటు అమెరికాలో ఊరూరా తిరిగి కచేరీలు చేశారు. రాబడి దాదాపు 1.36 లక్షల డాలర్లు, ఖర్చు దాదాపు 1.48 లక్షల డాలర్లు. మొత్తానికి 11,819 డాలర్ల నష్టం. ఈ లెక్క జాక్ కాంటేనే స్వయంగా బయటపెట్టాడు. అభిమానులు నెలనెలా కొంత ఇచ్చి కళాకారులను పోషించే పేట్రియాన్ అనే వేదికను 2013లోనే మొదలుపెట్టిన మనిషి అతను. అంత పేరు, అంత తెలివి ఉన్నవాళ్లకే ఒక్క ఆదాయం మీద బండి నడవలేదు. మీకు స్కూల్ జీతం ఒకటి, పెళ్లిళ్లలో, కాలేజీ ఫెస్టుల్లో పాడితే వచ్చేది ఒకటి, వీడియోల మీద వచ్చేది ఒకటి ఉండాలి. నెలకు రెండు మంచి వీడియోలు చాలు, స్కూల్ మానక్కర్లేకుండానే చేయవచ్చు.

మన దగ్గర పాటకు సీజన్లు ఉన్నాయి, వాటిని వదలకండి. బతుకమ్మ పాటలు చాలామంది పండగ వారంలో దింపుతారు. మీరు బతుకమ్మ మొదలయ్యే పెత్రామాసకు మూడు వారాల ముందే పెట్టండి. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి వాడల్లో ఆడవాళ్లు ఆ పాట నేర్చుకుని ఉండాలి, లేకపోతే ఎలా ఆడతారు? పాట పూర్తి సాహిత్యం వీడియో కింద తెలుగులో రాయండి. చప్పట్లకు, అడుగుకు సరిపోయే నడకలో పాడండి, స్పీడ్ పెంచితే నలభై దాటినవాళ్లు పక్కకు తప్పుకుంటారు. దరువు ఒక్కటే ఉండి గొంతు లేని రెండో వెర్షన్ కూడా పెడితే వాళ్లే పాడుకుంటారు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది, దానికీ ఇలాగే ముందునుంచి సిద్ధపడాలి. టైటిల్‌లో తెలుగు అక్షరాలతో పాటు ఇంగ్లీషు అక్షరాల్లోనూ పాట పల్లవి రాయండి. చాలామంది వెతికేది అలాగే.

చివరిగా మీరు అడగడానికి మొహమాటపడి ఒక్క లైన్‌లో వదిలేసిన పెళ్లి సంగతి. పెళ్లయి కరీంనగర్ వెళ్లినా, హైదరాబాద్ వెళ్లినా ఈ పని ఆగనవసరం లేదు. ఆ అమెరికా జంట పద్ధతే విడివిడిగా తీసిన ముక్కలను ఒక తెర మీద కలపడం. శ్రుతి, నడక ముందుగా ఖాయం చేసుకుని మీరు అక్కడ పాడి పంపితే, అతను ఇక్కడ వాయించి కలుపుతాడు. అయితే సంబంధం మాట్లాడేటప్పుడే, మొదటి పరిచయంలోనే, ఈ పాటల సంగతి అబ్బాయికి చెప్పండి. మీ ఛానల్ లింకు పంపండి. తర్వాత తెలుసుకుని ముఖం చిట్లించే ఇంటికి వెళ్లడం కంటే ముందే తెలిసి వద్దన్నవాళ్లు పోవడం మంచిది.

అన్నదమ్ములు, అక్కాతమ్ముళ్ల మధ్య కాగితాలెందుకని ఇంట్లో అంటారు. ఛానల్ ఇప్పుడు తమ్ముడి మెయిల్ మీద ఉందని మీ ఉత్తరంలో ఇక్కడ వేయని ఇంకో వాక్యం వల్ల అర్థమైంది. దాన్ని ఒకరికంటే ఎక్కువమంది నడపగలిగే బ్రాండ్ అకౌంట్‌కు మార్చి ఇద్దరినీ ఓనర్లుగా పెట్టుకోండి. యూట్యూబ్ డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతా ఒకరి పేరు మీదే ఉంటుంది. అందులో వంద డాలర్లు చేరితేనే డబ్బు బ్యాంకులో పడుతుంది. పాన్ నంబరుతో అమెరికా ట్యాక్స్ ఫారం నింపితే అక్కడి వీక్షకుల వల్ల వచ్చిన దాని మీదే 15 శాతం కోత ఉంటుంది, నింపకపోతే మొత్తం మీద కోస్తారు. మన పాటలు అమెరికాలో ఉన్న మనవాళ్లు బాగా వింటారు కనుక ఇది మరవకండి. ఆదాయంలో ఎవరికెంత, అప్పు ముందు ఎలా తీర్చాలి, పెద్దమ్మ లాంటివాళ్ల వాటా ఎంత, ఒకరు మానేస్తే పాత పాటలు ఎవరివి? ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. సాక్షి సంతకం బాపును పెట్టమనండి.